నిట్రాడు మీది గడియారం

కివా ఇంట్లో గడియారం వాలి ఉండేది. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చిన ఎవరికైనా ముందు కనబడేది అదే. ఇంటి నడుమ పొగకు నల్లబడి నునుపు తేలిన నిట్రాడు, దాని మీద కింది అంచు ఎడమకు జరిగి వంకరగా ఉన్న గడియారం. వచ్చినవాళ్లు కూర్చోబోయే ముందు ఓ చెయ్యి వేసి దాన్ని సరిచేసేవారు. ఆ సందులో అది మర్యాద. ఎదుటివాళ్ల ఇంట్లో వస్తువు వంకరగా ఉంటే చూస్తూ కూర్చోవడం మంచి పెంపకం కాదు. సరిచేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎండల గురించో వానల గురించో మొదలుపెట్టేవారు. కాసేపటికి గడియారం ఆగిపోయేది. మాటల్లో ఎవరూ గమనించేవారు కాదు.

వాళ్లు వెళ్లాక కివా లేచి దాన్ని మళ్లీ వంచేది. లోలకాన్ని వేలితో పక్కకు లాగి వదిలేది. కళ్లు మూసుకుని వినేది. చెవికి నచ్చేదాకా కింది అంచును వెంట్రుకవాసి ఇటూ అటూ జరిపేది. అప్పుడుగాని వెళ్లి టీ గిన్నెలు కడిగేది కాదు.

ఆ వినడం ఆమెకు మొగుడు జిన్‌పచి నేర్పాడు. అతను గనిలో బొగ్గు కొట్టేవాడు. ఇరవై ఏళ్లు మానకుండా దిగినవాళ్లకు కంపెనీ ఒక గోడగడియారం ఇచ్చేది. అద్దం మీద కంపెనీ గుర్తు, దాని కింద బంగారు రంగులో ‘దీర్ఘసేవకు’ అన్న అక్షరాలు. వరిమళ్లు కడుపు నింపక ఆ సందులో మగవాళ్లంతా గనికి పోయినవాళ్లే, కాబట్టి ఇంటింటికీ అలాంటిదొకటి ఉంది. గడియారం ఇంటికి తెచ్చిన రోజున జిన్‌పచి తల్లి ఇంకా బతికే ఉంది. నిట్రాడుకు మేకు కొడతానంటే ఆమె అడ్డం తిరిగింది.

“మీ తాత నుదుట కొట్టు మేకు.”

“తాతకు టైముతో పని లేదమ్మా. నాకుంది,” అని జిన్‌పచి కొట్టేశాడు.

గడియారం తగిలించాక అతను వెనక్కి జరిగి చూడలేదు. దగ్గరికే వెళ్లాడు. అద్దం తలుపు తెరిచి, లోలకం తగిలించి, కదిపి వదిలాడు. చెక్కకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. కివా బియ్యం కడుగుతూ, వంకరగా పెడుతున్నావు అంది.

“కళ్లతో పెట్టేది పటం. దీన్ని చెవులతో పెట్టాలి. ఇలా రా.”

తడి చేతులతోనే వెళ్లి విన్నది. రెండు చప్పుళ్ల మధ్య ఎడం సమానంగా ఉంటే నడుస్తున్నట్టని చెప్పాడు. ఒక ఎడం పొడుగు, ఒక ఎడం పొట్టి అయితే కుంటుతున్నట్టు. కుంటే గడియారం ఎక్కువసేపు బతకదు, గనిలో బండి లాగే గుర్రమైనా అంతే అన్నాడు. వేసవిలో లోలకం సాగి గడియారం వెనకబడుతుంది, అప్పుడు బిళ్ల కింద ఉన్న మరను కాస్త తిప్పి బిళ్లను పైకెత్తాలి. చలికి ముందుకు పరిగెడుతుంది, అప్పుడు దించాలి. ఇవన్నీ ఆమె ఒకసారికే పట్టుకుంది. మధ్యాహ్నం గని కూత వెయ్యగానే ముల్లు చూడటం ఆ రోజు నుంచి ఆమె పనుల్లో ఒకటైంది.

ఆ రోజు చెవికి కుదిరిన చోటే కంటికీ కుదిరింది. గడియారం నిట్రాడుతో పాటు నిలువుగా నిలబడింది. ఇల్లు నిటారుగా ఉన్న రోజులవి.

యుద్ధంలో మగవాళ్లు చాలక ఆడవాళ్లను మళ్లీ గనిలోకి దింపారు. కివా పెళ్లికి ముందు తండ్రి వెనక దిగిన మనిషే. ఈసారి మొగుడి వెనక దిగింది. అతను కొట్టేవాడు. ఆమె ఏరి, తట్టకెత్తి, వీపుకు తగిలించుకుని, నడుము ఎత్తడానికి వీల్లేని దారిలో చేతులూ మోకాళ్లూ ఊని బళ్లదాకా మోసేది. పైనున్న నేల కూలకుండా నడుమ నడుమ బొగ్గునే స్తంభాల్లాగా వదిలి తవ్వడం పాత పద్ధతి. యుద్ధం ముదిరాక ఆ స్తంభాలూ కొట్టమన్నారు. ఎవరన్నారని అడిగే రోజులు కావవి.

ఒకనాడు అలాంటి స్తంభం ముందు జిన్‌పచి పికాసు దించి నిలబడిపోయాడు. దీపం వెలుగులో అతని కళ్లు తప్ప ముఖం లేదు.

“మన ఇంటి కిందికొచ్చాం,” అన్నాడు.

నీకెలా తెలుసని ఆమె అడిగింది. ఇన్నేళ్లు దిగినవాడికి తెలుస్తుందన్నాడు. తల ఎత్తి పైకప్పు వైపు చెవి పెట్టాడు.

“విను. గడియారం వినపడుతోంది.”

కివా విన్నది. ఎక్కడో నీరు కారుతోంది. అంతే.

“ఏమంటోంది?”

“అన్నం తినమంటోంది.”

ఇద్దరూ ఆ స్తంభానికి వీపులు ఆనించి కూర్చుని, ఉప్పులో ఊరిన రేగుపండు నంజుకుని చల్లన్నం తిన్నారు. తిన్నాక జిన్‌పచి లేచి స్తంభాన్ని అరచేత్తో ఒకసారి తట్టాడు, ఎద్దును తట్టినట్టు. తర్వాత కొట్టాడు. ఆ స్తంభం మొత్తం ఆమె వీపు మీదే పైకొచ్చింది.

యుద్ధం ముగిసిన కొన్నాళ్లకు జిన్‌పచి దగ్గుతో పడకేశాడు. ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. పడుకున్న చోటు నుంచి గడియారం కనబడదు, వినబడుతుంది. చివరి రోజుల్లో కళ్లు మూసుకుని దాన్నే వింటూ ఉండేవాడు. పోయేముందు అతను చెప్పిన మాటలంటూ ఏమీ లేవు. అతను పోయిన వారానికి, గడియారం చప్పుళ్లలో ఒక ఎడం పొడుగవుతోందని కివా మొదటిసారి గమనించింది.

దుమ్ము పట్టిందనుకుంది. ఆ ఊరి అలవాటు ప్రకారం దూదిని కిరసనాయిల్లో తడిపి చిన్న గిన్నెలో పెట్టి గడియారం పెట్టెలో అడుగున ఉంచింది. ఆ ఆవిరికి లోపలి పళ్లచక్రాలు నునుపెక్కుతాయని అందరూ నమ్ముతారు. కుంటు పోలేదు. కింది అంచును కాస్త ఎడమకు జరిపింది. నడిచింది. జారకుండా మేకుకూ చెక్కకూ మధ్య అగ్గిపుల్ల దూర్చింది.

వానలు వెళ్లి చలి వచ్చేసరికి అగ్గిపుల్ల చాలలేదు. అన్నం తినే పుల్ల విరిచి పెట్టింది. మరుసటేడు అదీ చాలక, జిన్‌పచి చెక్కచెప్పుల అడుగున పళ్లలా నిలిచే చెక్కల్లోంచి ఒక పన్ను కోసి దూర్చింది. ఈలోగా బావిలో నీళ్లు ఇంకిపోయాయి. ఇంటి దిగువ మడి మడుగైంది, అందులో కొంగలు దిగాయి. జరుపుడు తలుపు ఎంత మూసినా కింద కలిసి పైన కలవదు. గిన్నెలో మిసో పులుసు ఒక అంచున పైకెక్కి ఒక అంచున కిందికి దిగి ఉంటుంది. కివా వీటన్నిటికీ కుదురుకుంది. పులుసు తక్కువ పోసింది. తలుపు సందులో గుడ్డ కుక్కింది. మనిషి వాలిన ఇంట్లో ఉంటే కొన్నాళ్లకు ఒళ్లే దానికి తగ్గట్టు నడక నేర్చుకుంటుంది. గడియారం మాత్రం నేర్చుకోలేదు.

కొడుకు ఇసావో గని గుమ్మంలో దీపాల గదిలో పని చేసేవాడు. దిగేవాళ్లకు దీపాలివ్వడం, ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. అతని పెళ్లాం షిమే తుడుపుల మనిషి. రోజూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని నిట్రాడు తుడిచి, గడియారం తుడిచి, పోతూ పోతూ తిన్నగా చేసి పోయేది.

“అది వంకరగా ఉంటే నాకు మెడ పట్టేస్తోంది అత్తా.”

“గడియారం తిన్నగానే ఉంది. నీ మెడే ఇంటితో పాటు వాలింది.”

షిమే నవ్వేది. మర్నాడు మళ్లీ సరిచేసేది.

ఏటి అవతలి ఊళ్లలో కుంగిన ఇళ్లను జాకీలతో ఎత్తి నిలబెడుతున్నారని వార్త వచ్చిన ఏడాది, కంపెనీ తరఫున కురోకి అనే ఆఫీసరు సందుకు వచ్చాడు. నేల కుంగి ఇళ్లు ఒరిగితే కంపెనీ ఎత్తాలి. ఇళ్లే ముసలివై ఒరిగితే కంపెనీకి పని లేదు. ఏది ఏదో చూసి చెప్పడానికి వచ్చాడు. నెమ్మదైన మనిషి. ప్రతి ఇంటి ముందూ టోపీ తీశాడు. అన్నీ చూసి కివా ఇంట్లో కూర్చున్నాడు, ఆమే అందరిలో పెద్దది కనక. సందు జనమంతా గుమ్మంలో నిలబడ్డారు.

ఇళ్లు పాతవైపోయాయన్నాడు. దూలాలకు చెదలు పట్టాయన్నాడు. అయినా కంపెనీ దయగలది కాబట్టి గుట్ట కింద కొత్తగా కట్టిన వరస ఇళ్లలో అందరికీ చోటిస్తుంది. అక్కడ కొళాయి ఉంది. సందు మొత్తం ఒక్కమాట మీద ఖాళీ చెయ్యాలి, ఇళ్లు ముసలివని పెద్దలు ఒప్పుకోవాలి. ఇవి పడగొట్టేస్తారు.

“చెదలే మా బావి నీళ్లు కూడా తాగాయా?” అంది కివా.

గుమ్మంలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. కురోకి కూడా కొంచెం నవ్వాడు. షిమే టీ తెచ్చింది. టీ అందుకోవడానికి లేచినవాడు, తనకు తెలియకుండానే, చెయ్యి చాచి గడియారాన్ని తిన్నగా నెట్టాడు. చెప్పు పన్ను ఊడి చాప మీద పడింది. గడియారం రెండడుగులు కుంటి ఆగిపోయింది.

కురోకి ముఖం ఎర్రబడింది. తప్పయిందని తల వంచాడు. తలుపు తెరిచి లోలకాన్ని కదిపాడు. ఆగిపోయింది. మళ్లీ కదిపాడు. అప్పుడు కివా చూసింది. అతను కళ్లు మూసుకున్నాడు. కింది అంచు మీద రెండు వేళ్లు వేసి ఎడమకు, మరికాస్త ఎడమకు, అది సమంగా నడిచేదాకా జరిపాడు. కింద పడిన పన్ను ఏరి మేకు పక్కన దూర్చాడు. అది చాల్లేదు. జేబులోంచి సిగరెట్ పెట్టె అట్ట చింపి మడిచి దాని పక్కన పెట్టాడు.

ఇతనిది బొగ్గు కొట్టినవాళ్ల ఇల్లే అని కివాకు అర్థమైంది. తెలియక మాట్లాడేవాడైతే ఆమెకు అంత కోపం వచ్చేది కాదు.

వెళ్తూ కురోకి ఇసావో భుజం మీద చెయ్యి వేశాడు. దీపాల గది పని చల్లటి పని కదా, పైకప్పు మీద పడే భయం లేదు, అమ్మకు నువ్వు నచ్చజెప్పు అన్నాడు. ఒబోన్ పండుగ అయ్యాక మాట కోసం వస్తానన్నాడు.

కివాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఇల్లు ఎత్తి నిలబెట్టాలి. నేల కుంగిందని కంపెనీ మనిషి నోటితో అనాలి. ఆమె ఆ ఇంట్లోనే పోవాలనుకోవడం వేరే సంగతి, అది ఎవరికీ చెప్పలేదు. ఇల్లు ముసలిదైందని మాత్రం తన నోటితో అనదు.

సందులో మిగతావాళ్లు అప్పటికే అనడానికి సిద్ధంగా ఉన్నారు. కొళాయి మాట విన్నాక ఆడవాళ్ల కళ్లల్లో నిద్ర లేదు. ఏటినుంచి నీళ్లు మోసి మోసి భుజాలు కాయలు కాశాయి, ఆ నీళ్లూ బొగ్గు కడిగిన నీళ్లే. పక్కింటి ఒతాకి వచ్చి చాలాసేపు కూర్చుంది. ఈసారి ఆమె గడియారం జోలికి పోలేదు.

“కొళాయి తిప్పితే నీళ్లక్కా. ఈ ముసలి కొంపను పట్టుకుని ఏం చేసుకుంటావు?”

“కొళాయి ఇమ్మను. ఇక్కడికే ఇమ్మను.”

“నువ్వొక్కదానివే కాదంటే అందరికీ పోతుంది.”

“నేనొక్కదాన్నే ఔనంటే అందరికీ పోయేది మీకు కనబడట్లేదు.”

ఒతాకి ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఆ గిన్నెలో ఎప్పుడూ ఊరగాయ ముల్లంగి వచ్చేది, ఎప్పుడూ ఏదో ఒకటి వేసి పంపేది కివా. ఆ రోజు ఇద్దరూ మరిచిపోయినట్టు నటించారు. తర్వాత గిన్నెలు రావడం మానేశాయి. కివా ఏటికి వెళ్తే రాళ్ల మీద ఆమెకు చోటు ఉండేది, మాట ఉండేది కాదు.

పండుగకు చనిపోయినవాళ్లు ఇంటికొస్తారని నమ్మకం కాబట్టి ముందురోజు ఇల్లంతా దులపాలి. షిమే గుడ్డతో గడియారం దాకా వచ్చింది. చెయ్యి ఎత్తింది. ఆఫీసరు వచ్చి వెళ్లినప్పటి నుంచి ఆమె కూడా దాన్ని తిన్నగా చెయ్యడం మానేసింది. చెయ్యి దించుకుంది.

“సరిచెయ్యి,” అంది వెనకనుంచి కివా.

షిమే తిరిగి చూసింది. హేళనేమో అనుకుంది. కివా సుత్తి పట్టుకుని వచ్చి, చెప్పు పన్ను, సిగరెట్ అట్ట రెండూ లాగేసింది. గడియారాన్ని నిట్రాడు మధ్యకు నెట్టింది. అంచు అంచుకు కలిసింది. కింద అటొక మేకు, ఇటొక మేకు దిగగొట్టింది. ఇక ఏ చెయ్యీ దాన్ని కదపలేదు. గడియారం కుంటింది. ఎడం సాగింది, సాగింది, రెండో చప్పుడు రాలేదు.

ఇసావో పనినుంచి వచ్చి ఇంట్లో ఏదో తక్కువైందని గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత చూశాడు.

“ఇన్నేళ్లూ గడియారాన్ని ఇంటికి సరిపెడుతూ వచ్చాను,” అంది కివా. “ఇక ముట్టను. ఇంటినే గడియారానికి సరిపెట్టమను.”

అతను దగ్గరికొచ్చి మేకులు తడిమి చూశాడు. దీపాల గది పని ఉండదమ్మా అన్నాడు.

“ఉండకపోవచ్చు. నిన్ను నేనేమీ అడగను. ఆ మేకులు మాత్రం తియ్యకు.”

ఇసావో స్నానానికి వెళ్లాడు. భోజనాల దగ్గర ముగ్గురూ నమలడం ఒకరికొకరికి వినపడింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అతను పుట్టాక లేదు. పండుగ రోజు పెద్దల పీఠం ముందు దీపం పెట్టి, జిన్‌పచికి చెప్పవలసింది కివా మనసులోనే చెప్పింది. క్షమించమని అడగలేదు. ఆపాను అని చెప్పింది, అంతే.

కీ నిండా ఇచ్చి ఉంది. రోజూ పొద్దున ఆమె లోలకాన్ని ఒకసారి కదిపి చూసేది. కుంటేది, ఆగేది. ఆమె తన పని చూసుకునేది. పొద్దు చూసి వంట చేసింది. గని కూత విని ముల్లు వైపు చూడటం మానేసింది.

పండుగ వెళ్లాక ఒతాకి వచ్చింది. కూర్చోలేదు. మా దానికంటే మీదే గట్టిగా కొడుతుందని మా ఆయన మీ గంట విని లేస్తాడు, ఇవాళ డ్యూటీకి ఆలస్యమైంది, ఏమైంది దానికి అని గొణిగింది. కివా చూపించింది.

“మీరంతా వచ్చినప్పుడల్లా సరిచేశారుగా. ఇదిగో, సరిగ్గా ఉంది.”

ఒతాకి ముందు నవ్వింది. దగ్గరికెళ్లి గడియారం అంచుకూ నిట్రాడు అంచుకూ మధ్య వేలు పెట్టి చూసింది. సందు లేదు. కివా లోలకాన్ని కదిపింది. ఇద్దరూ అది ఆగేదాకా విన్నారు. ఒతాకి నవ్వు మాయమైంది. ఆమె చాప మీద చతికిలబడింది.

“మా దాని కింద గరిటె కాడ ఉంది అక్కా,” అంది గొంతు తగ్గించి.

ఎన్నాళ్లనుంచి అని కివా అడగలేదు. ఒతాకే చెప్పింది. గడియారం కూడా తిన్నగా పెట్టుకోలేని ఆడదాని కాపురం ఏం కాపురం అని అత్తగారు అంటుందని, ఎవరైనా వచ్చే ముందు గరిటె కాడ తీసి తిన్నగా పెట్టేదట. వెళ్లాక మళ్లీ దూర్చేదట. అవతలింట్లో విరిగిన విసనకర్ర పుల్ల ఉన్నట్టు ఒకసారి కంటపడింది, కానీ పాపం అనుకుని చూడనట్టు ఊరుకుంది. ఆ చివరింటివాళ్లు గడియారం అటకెక్కించి, చెడిపోయిందని చెబుతున్నారు.

ఇంటింటికీ అదే కుంటు. ఇంటింటా అది తమ పొందిక తక్కువే అనుకుని దాచుకున్నారు. మర్యాదస్తుల సందు.

“కొళాయి కావాలి నాకు,” అంది ఒతాకి లేస్తూ. ఏడుస్తున్నట్టుంది, కోపంగానూ ఉంది.

“కావాల్సిందే.”

మర్నాడు పక్కింటి గంట మోగలేదు. ఆ తర్వాత దాని అవతల ఇంటిది. కివా ఎవరి గుమ్మమూ ఎక్కలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. మేకులు దిగే చప్పుడు మాత్రం అప్పుడప్పుడు వినబడేది. అటక మీది గడియారం దింపి తుడిచి తగిలించారని షిమే ఏటి దగ్గర విని వచ్చి చెప్పింది. చెబుతూ నిట్రాడు తుడిచింది, గడియారం అద్దం తుడిచింది, కంపెనీ గుర్తు మీద రెండుసార్లు తుడిచింది.

కురోకి మాట కోసం వచ్చింది మధ్యాహ్నం. సందు మొగలోకి వచ్చేసరికి గని కూత వేసింది. ఆ కూత వెనకే ఇళ్లలో గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి, ఒకటి ముందు, ఒకటి వెనక, పన్నెండు కొట్టడం ఆ సందు రివాజు. అతను మొదటిసారి వచ్చినప్పుడు కూడా విన్నాడు. కూత ఆగింది. అతను నిలబడ్డాడు. ఏమీ మోగలేదు. మడుగులో కొంగ ఒకటి లేచి వెళ్లింది.

మొదటి ఇంట్లోకి వెళ్లాడు. నిట్రాడు మీద గడియారం నిలువుగా ఉంది, ఆగి ఉంది. అద్దం మీద ‘దీర్ఘసేవకు’. రెండో ఇంట్లోనూ అంతే. ఆడవాళ్లు టీ ఇచ్చారు, ఎండల గురించి మాట్లాడారు. గడియారం సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను ఏ గడియారాన్నీ ముట్టుకోలేదు. చివరికి కివా ఇంటికి వచ్చి, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనకాలే సందు జనం వచ్చి గుమ్మం నిండారు. పని దిగి వచ్చిన ఇసావో వాళ్లను తప్పించుకుని లోపలికొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

ఇలా పంతం పట్టడం బాగుండలేదని కురోకి అన్నాడు. ఇళ్ల కింద ఖాళీ ఉందనడానికి కంపెనీ దగ్గర ఆధారం లేదు. అక్కడ తవ్వినట్టు కంపెనీ ఎక్కడా చెప్పలేదు.

“అయ్యా, మీరు చెప్పకపోతే ఏం. నేను చెబుతాను,” అంది కివా. “ఈ చాప కింద నేల, ఆ నేల కింద బొగ్గు స్తంభం. కొట్టింది మా ఆయన. మోసింది నేను. కింద ఖాళీ లేదంటే మరి నేను మోసిందేమిటి? నా మోకాళ్లు చూపించనా?”

చూపించమని అతను అనలేదు. లేచి నిట్రాడు దగ్గరికి వెళ్లాడు. అద్దం తలుపు తెరిచి లోలకాన్ని కదిపాడు. కళ్లు మూసుకున్నాడు. అది కుంటి ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.

“కుంగింది,” అన్నాడు, గడియారంతో అన్నట్టు.

“ఏది?”

అతను ఇటు తిరిగాడు.

“నేల కుంగింది.”

“అది మీ ఆఫీసులో చెప్పండి. ఇక్కడ అందరికీ తెలుసు.”

అతను ఆఫీసులో ఏం చెప్పాడో, ఎవరితో చెప్పాడో సందుకు తెలియదు. అతను మళ్లీ రాలేదు. చలికాలం మొదట్లో ఇసావోను దీపాల గదినుంచి తీసి బొగ్గు కడిగే చోటికి మార్చారు. అతను ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. చేతులు పగిలి వస్తే షిమే నూనె రాసేది. ఒకసారి కివా చూస్తుండగా అతను గడియారం దగ్గర ఆగి, సగం పైకొచ్చిన మేకును సుత్తితో లోపలికి దించాడు.

మంచు కరిగాక జాకీలు వచ్చాయి. ముందు కివా ఇల్లే. పనివాళ్లు చాపలెత్తి, నేల పలకల కింద దూలాలకు కలప దిమ్మలు పేర్చి, జాకీలు దూర్చారు. మేస్త్రీ లావుపాటి మనిషి, గట్టిగా మాట్లాడతాడు. సామానంతా బయటికి మోయించి, నిట్రాడు మీది గడియారం కూడా దింపమన్నాడు, ఇల్లు లేచేటప్పుడు అద్దం పగులుతుందన్నాడు. కివా దింపలేదు. బయటికి రమ్మంటే రాలేదు. తీసిన చాపల నడుమ మిగిలిన ఒక పలక మీద, నిట్రాడుకు ఎదురుగా కూర్చుంది.

“పైన దూలం జారితే నాకు మాటొస్తుంది పెద్దమ్మా. బయటికి రా.”

“దూలాలు జారే చోట పని చేసినదాన్నే నాయనా. నువ్వు తిప్పు.”

మేస్త్రీ ఆమె కొడుకు వైపు చూశాడు. ఇసావో భుజాలెగరేశాడు. ఆపై వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

జాకీలు తిరగడం మొదలైంది. ఇల్లు మూలిగింది. ఏళ్ల తరబడి బిగిసిన చెక్కలు ఒక్కొక్కటే విడిపడుతూ కిర్రుమన్నాయి. పైనుంచి మసి రాలి ఆమె జుట్టు మీద పడింది. జరుపుడు తలుపు ఎవరూ ముట్టకుండా కొంచెం జరిగింది. మేస్త్రీ నేల కింద పడుకుని పనివాళ్లకు అరుస్తున్నాడు. ఆమె చెయ్యి చాచి లోలకాన్ని కదిపింది. కుంటింది, ఆగింది. ఇంకా తిప్పమని చెప్పింది. తిప్పారు. మళ్లీ కదిపింది. ఈసారి కుంటుతూనే కాస్త దూరం పోయింది.

మేస్త్రీ మొదట విసుక్కున్నాడు. తన దగ్గర నిలువు చూసే తూకపు గుండు ఉందని, ఎంత ఎత్తాలో తనకు తెలుసనీ అన్నాడు. గుండూ కట్టుకో, నా మాటా విను అంది. తర్వాత తర్వాత అతనే ప్రతి చుట్టుకూ ఆగి కిందినుంచి అడగసాగాడు. కుంటుతోందా పెద్దమ్మా. కుంటుతోంది. ఇప్పుడో. కుంటుతోంది. గుమ్మం బయట ఒతాకి, సందు ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, అందరూ అరుగులు వదిలి వచ్చి నిలబడ్డారు. అందరి చెవులూ లోపలే ఉన్నాయి.

ఒక చుట్టు దగ్గర లోలకం ఆగలేదు. పోతోంది, వస్తోంది. ముళ్లు ఆగిన నాటి టైమునుంచి బయల్దేరి ఒక గీత ముందుకు కదిలాయి. గుమ్మంలో ఒతాకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేల కిందినుంచి మేస్త్రీ గొంతు వచ్చింది. ఈసారి అరవలేదు.

“ఇక్కడికి వినపడుతోంది పెద్దమ్మా. మీ గడియారం. ఇంటి కిందికి వినపడుతోంది.”

కివా కళ్లు మూసుకునే ఉంది. ఇసావో ఆమె ముఖం వైపు వంగి చూశాడు.

“నడుస్తోంది కదా,” అన్నాడు మేస్త్రీ. “ఇక దిమ్మలు బిగిస్తాం.”

“నడుస్తోంది,” అంది కివా. “ఇంకా కొద్దిగా కుంటుతోంది. తిప్పు.”